సంస్థల స్వీయప్రచురణలు - రచనాసలహాదారు ఆవశ్యకత: ఐవీ లీ ఉదంతం ఆధారంగా పరిశీలన

వ్యాససంగ్రహం:

వ్యాపారసంస్థలు తమ వినియోగదారుల కోసం స్వయంగా వ్యాసాలు, కరపత్రాలు, పత్రికలు ప్రచురించే సంప్రదాయం వందేళ్లకు పైబడినది. సొంత సిబ్బంది ఉండగా ఈ రచనల కోసం బయటినుంచి ఒక సలహాదారును నియమించుకోవడం ఎందుకన్నది ఈ వ్యాసం చర్చించే ప్రశ్న. భాషానైపుణ్యం, తీరికలేమి అనే సాధారణ సమాధానాలు పాక్షికమైనవే. సంస్థకు లోపలినుంచి లభించని పాఠకుని చూపును సమకూర్చడమే సలహాదారువల్ల కలిగే ప్రధానప్రయోజనమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. అయితే సమాచారాన్ని సరిచూసే అధికారం లేనప్పుడు అదే నియామకం సంస్థకు హాని చేస్తుందని అమెరికన్ సలహాదారు ఐవీ లీ 1906, 1914 సంవత్సరాల్లో చేసిన పనిని పోల్చి నిరూపించడం ఇందులోని ప్రధానాంశం. తెలుగు పాఠకులకు రుణసమాచారం అందించే సందర్భానికి ఈ నిర్ణయాలు ఎలా వర్తిస్తాయో చివరి భాగం వివరిస్తుంది.

కీలకపదాలు: స్వీయప్రచురణ, రచనాసలహాదారు, పాఠకుని చూపు, ఐవీ లీ, లడ్లో, రుణసమాచారం, వ్యవహారభాష.

1. ఉపోద్ఘాతం:

ఒక సంస్థ తన వస్తువును అమ్ముకోవడానికి చేసేది ప్రకటన. ఆ వస్తువుతో ముడిపడిన జీవనావసరాలగురించి పాఠకునికి తెలియజెప్పడానికి తానే ప్రచురించేది స్వీయప్రచురణ. ప్రకటన కొనమని అడుగుతుంది. స్వీయప్రచురణ చదవమని అడుగుతుంది. చదివినవారు సంస్థను నమ్ముతారనీ, ఆ నమ్మకం కాలక్రమంలో వ్యాపారానికి ఉపకరిస్తుందనీ దీనివెనుక ఉన్న ఆలోచన. నేడు బ్యాంకులు, ఆసుపత్రులు, విత్తనసంస్థలు, సాఫ్ట్‌వేర్ సంస్థలు తమ వెబ్‌సైట్లలో ప్రచురిస్తున్న వ్యాసాలన్నీ ఈ కోవకు చెందినవే.

ఈ రచనలకు బయటి సలహాదారును నియమించుకోవడం చాలా సంస్థల్లో వాడుకగా మారింది. విషయాలను ఎంపిక చేయడం, వాటికి క్రమం నిర్ణయించడం, నిపుణులను ప్రశ్నించి సమాచారం రాబట్టడం, రాతప్రతిని దిద్దడం సలహాదారు చేసే పనులు. వస్తువుగురించి సంస్థలోని వారికి తెలిసినంతగా బయటివారికి తెలియదు. అయినా తక్కువ తెలిసిన వ్యక్తిని పిలిచి, ఎక్కువ తెలిసినవారి మాటను దిద్దించుకోవడంలో ఔచిత్యమేమిటి? ఈ వైరుధ్యాన్ని విప్పిచెప్పడమే ప్రస్తుతవ్యాసం లక్ష్యం.

2. స్వీయప్రచురణ - పూర్వరంగం:

వ్యవసాయయంత్రాలు తయారుచేసే అమెరికన్ సంస్థ జాన్ డీర్ 1895లో "ది ఫర్రో" అనే పత్రికను ప్రారంభించింది. ఫర్రో అంటే నాగటిచాలు. నాగళ్లు అమ్మే సంస్థ రైతులకోసం నడిపిన ఆ పత్రిక నేటికీ వెలువడుతోంది.

ఫ్రాన్సులో టైర్లు తయారుచేసే మిష్లాన్ సంస్థ 1900లో వాహనదారులకోసం ఒక మార్గదర్శినిని ప్రచురించి ఉచితంగా పంచింది. నాటికి ఆ దేశంలో కార్లు మూడువేలకు మించి లేవు. సంస్థ అచ్చువేసిన ప్రతులు మాత్రం దాదాపు 35,000. టైరు మార్చే పద్ధతి, పెట్రోలు దొరికే చోట్లు, మరమ్మతు చేసేవారి వివరాలు, బస సౌకర్యాలు అందులో ఉండేవి. ప్రయాణాలు పెరిగితే టైర్లు అరుగుతాయి. అరిగితే కొత్తవి కొంటారు. సంస్థ ప్రయోజనం స్పష్టమే. కానీ పుస్తకంలోని ప్రతి పుటా ప్రయాణికుని ప్రయోజనాన్ని ఆశ్రయించుకుని ఉంది. 1920లో ఆ పుస్తకానికి వెల నిర్ణయించారు. 1926లో మంచి భోజనశాలలకు నక్షత్రపు గుర్తు ఇవ్వడం మొదలైంది. తరవాతి కాలంలో ఆ గుర్తుకు ఏర్పడిన గౌరవానికి పరీక్షకులు తమ పేరు చెప్పకుండా వెళ్లి, తిన్నదానికి డబ్బు చెల్లించి అభిప్రాయం రాసే పద్ధతి ముఖ్యకారణం.

ఈ రెండు ఉదాహరణలవల్ల ఒక సామాన్యసూత్రం ఏర్పడుతోంది. స్వీయప్రచురణ నిలిచేది పాఠకుని అవసరంమీద. సంస్థకు ఏమి చెప్పాలని ఉందన్నది రెండో ప్రశ్న, పాఠకునికి ఏమి కావాలన్నది మొదటి ప్రశ్న. ఈ మొదటి ప్రశ్నను సంస్థ తనకు తానుగా వేసుకోలేకపోవడంవల్లనే బయటి సలహాదారు అవసరం కలుగుతోంది.

3. సలహాదారు నియామకానికి కారణాలు:

3.1 తెలిసినవారికి తెలియనితనం కనిపించదు:

ఒక విషయం తెలిసిన తరవాత, అది తెలియనప్పటి స్థితిని ఊహించుకోవడం కష్టం. దీనిని కోలిన్ కామెరర్, జార్జ్ లోవెన్‌స్టైన్, మార్టిన్ వెబర్ అనే ఆర్థికశాస్త్రవేత్తలు 1989లో ప్రచురించిన పరిశోధనవ్యాసంలో "జ్ఞానశాపం" అని వ్యవహరించారు. మరుసటి ఏడాది స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ న్యూటన్ చేసిన ప్రయోగం ఈ స్థితిని కళ్లకు కడుతుంది. కొందరు అందరికీ తెలిసిన పాటల లయను బల్లమీద వేళ్లతో తట్టారు. ఎదుటివారు ఆ పాట ఏదో గుర్తుపట్టాలి. సగం పాటలనైనా గుర్తిస్తారని తట్టినవారు అంచనా వేశారు. గుర్తించగలిగినవి 120 పాటల్లో మూడు మాత్రమే. తట్టేవారి చెవుల్లో పాట మోగుతోంది. వినేవారికి చేరింది చప్పుడు ఒక్కటే.

సంస్థలోని నిపుణుడు రాసిన వ్యాసం తరచూ ఇలాంటి చప్పుడుగా మిగులుతుంది. అందులో తప్పు ఉండదు. అయితే నిపుణుని మనస్సులో ఉండి కాగితంమీదికి రాని అంశాలు చాలా ఉంటాయి. బయటినుంచి వచ్చిన సలహాదారు ఆ పాటను ఇంకా వినలేదు. అందువల్ల "ఈ మాటకు అర్థమేమిటి?", "దీనికీ దానికీ సంబంధమేమిటి?" అని అడగగలడు. ఇక్కడ తెలియకపోవడమే సలహాదారు అర్హత. ఉపోద్ఘాతంలో పేర్కొన్న వైరుధ్యానికి సమాధానం ఇదే. అయితే ఈ అర్హత శాశ్వతం కాదు. చాలాకాలం ఒకే సంస్థకు పనిచేసిన సలహాదారు క్రమంగా లోపలి మనిషిగా మారి, పాఠకుని చూపును కోల్పోయే అవకాశం ఉంది.

3.2 వ్యయం, వ్యవధి:

ఏ పనిని సంస్థ సొంతంగా చేసుకోవాలి, దేనిని బయటినుంచి కొనుక్కోవాలి అన్న ప్రశ్నను రోనాల్డ్ కోస్ 1937లో "సంస్థ స్వభావం"మీద రాసిన వ్యాసంలో శాస్త్రీయంగా చర్చించాడు. బయట కొనడానికయ్యే ఖర్చులో వస్తువు వెల ఒక్కటే కాక వెతకడం, బేరమాడడం, ఒప్పందం అమలును గమనించడం కూడా ఉంటాయి. ఈ ఖర్చులు అధికమైనప్పుడు ఆ పనిని సంస్థ తన పరిధిలోకి తెచ్చుకుంటుంది.

రచనాసలహాకు ఈ సూత్రాన్ని అన్వయిస్తే రెండు దశలు కనిపిస్తాయి. ప్రచురణ ఆరంభదశలో విషయసూచిక, శైలినియమాలు, పరిశీలనపద్ధతి రూపొందించవలసి ఉంటుంది. ఇది కొద్దినెలల పని. దీనికోసం శాశ్వతోద్యోగిని నియమించడంకన్న అనుభవజ్ఞుడైన సలహాదారును పిలవడం పొదుపు. పద్ధతి స్థిరపడిన తరవాత నిత్యరచనకు సంస్థ సొంత సిబ్బందే తగినవారు. కాబట్టి తన అవసరం క్రమంగా తగ్గేలా సిబ్బందిని తీర్చిదిద్దడం మంచి సలహాదారు లక్షణం.

3.3 అంతర్గత అధికారక్రమం:

సంస్థలో ఒక రాతప్రతి అమ్మకాల విభాగం, న్యాయవిభాగం, సాంకేతికవిభాగం దాటి పై అధికారి బల్లమీదికి చేరుతుంది. ప్రతివారూ ఒక వాక్యం చేరుస్తారు, ఒక వాక్యం మెత్తబరుస్తారు. చివరికి అది విభాగాలమధ్య కుదిరిన రాజీపత్రంగా తయారవుతుంది. అధికారి ఇష్టపడి రాసిన పేరా పాఠకునికి అనవసరమని కిందిస్థాయి ఉద్యోగి చెప్పలేడు. చెప్పినా చెల్లదు. జీతం, పదోన్నతి ఆ అధికారి చేతిలో లేని వ్యక్తి చెప్పగలడు. సలహాదారుకు చెల్లించే రుసుములో కొంతభాగం ఈ నిర్మొహమాటానికి ఇచ్చే వెలగా భావించవచ్చు.

ఇంతవరకు చెప్పిన మూడు కారణాలూ సలహాదారుకు స్వతంత్రత ఉంటుందన్న ఊహమీద ఆధారపడినవి. ఆ స్వతంత్రత ఎంతవరకు నిజం? సలహాదారు కూడా సంస్థ డబ్బు తీసుకునేవాడే కదా? ఈ ప్రశ్నకు చరిత్రలోంచి ఒకే వ్యక్తి రెండు అనుభవాలు సమాధానం ఇస్తాయి.

4. ఐవీ లీ ఉదంతం:

4.1 తెరచిన తలుపు - 1906:

ఐవీ లీ ప్రిన్స్‌టన్ పట్టభద్రుడు, న్యూయార్క్ పత్రికల్లో పనిచేసిన విలేకరి. 1902లో పెన్సిల్వేనియా బొగ్గుగనుల సమ్మెలో యజమానులు పత్రికలతో మాట్లాడటానికి నిరాకరించారు. కార్మికనాయకుడు జాన్ మిచెల్ మాత్రం విలేకరులకు అందుబాటులో ఉన్నాడు. ప్రజలకు ఒక పక్షం మాటే చేరింది. 1906లో మళ్లీ సమ్మె పరిస్థితి ఏర్పడినప్పుడు యజమానులు లీని నియమించుకున్నారు. ఆ సందర్భంలో ఆయన పత్రికలకు పంపిన ప్రకటన "సూత్రప్రకటన" పేరుతో ప్రసిద్ధమైంది. తాము రహస్యంగా పనిచేయబోమనీ, ఇచ్చే సమాచారం కచ్చితంగా ఉంటుందనీ, అది ఎవరి తరఫున వస్తోందో బహిరంగంగా తెలుపుతామనీ, వివరాలు సరిచూసుకోదలచిన సంపాదకులకు సహకరిస్తామనీ దాని సారాంశం.

అదే సంవత్సరం అక్టోబరు 28న అట్లాంటిక్ సిటీ సమీపంలో పెన్సిల్వేనియా రైల్‌రోడ్ సంస్థకు చెందిన రైలు వంతెనమీదినుంచి నీటిలో పడి యాభైమందికి పైగా మరణించారు. ప్రమాదాలను మరుగుపరచడం నాటి రైల్వేసంస్థల అలవాటు. ఆ సంస్థకు సలహాదారుగా ఉన్న లీ దీనికి భిన్నంగా విలేకరులకు ప్రమాదస్థలాన్ని చూపించి, సంస్థ తరఫున సమాచారం అందించే ఏర్పాటు చేశాడు. దాచడమే క్షేమమనే సంస్థలోపలి అలవాటును బయటి చూపు సవరించిన సందర్భమిది.

4.2 మూసిన తలుపు - 1914:

కొలరాడో ఇంధన-ఇనుము సంస్థలో రాక్‌ఫెల్లర్ కుటుంబానికి ప్రధానవాటా ఉండేది. ఆ ప్రాంతపు గనికార్మికులు 1913 సెప్టెంబరులో సమ్మె ప్రారంభించారు. సంస్థ ఇళ్లనుంచి వెళ్లగొట్టబడిన కుటుంబాలు గుడారాల్లో తలదాచుకున్నాయి. 1914 ఏప్రిల్ 20న లడ్లో వద్ద సైనికదళం గుడారాలమీద దాడిచేసింది. గుడారాలు తగలబడ్డాయి. ఒక గుడారం కింద తవ్విన గోతిలో దాగిన ఇద్దరు స్త్రీలు, పదకొండుమంది పిల్లలు ప్రాణాలు కోల్పోయారు.

దేశమంతటా నిరసన చెలరేగిన ఆ స్థితిలో జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్ లీని సలహాదారుగా పిలిచాడు. కొలరాడోలో పారిశ్రామికస్వేచ్ఛకై జరుగుతున్న పోరాటానికి సంబంధించిన వాస్తవాలు అనే అర్థం వచ్చే శీర్షికతో లీ వరసగా కరపత్రాలు వెలువరించాడు. అవి గనియజమానుల పేరుతో సంపాదకులు, ప్రజాప్రతినిధులు మొదలైన అభిప్రాయనిర్మాతలకు చేరాయి. శీర్షికలో "వాస్తవాలు" అన్న మాట ఉన్నా లోపలివి అన్నీ వాస్తవాలు కావు. కార్మికసంఘనాయకుల ఆదాయం విషయంలో ఏడాది మొత్తానికి చెల్లించిన సొమ్మును తొమ్మిది వారాల జీతంగా చూపడం అందులో బాగా అపఖ్యాతి పొందిన తప్పు.

1915లో అమెరికా పారిశ్రామికసంబంధాల కమిషన్ ఎదుట లీ సాక్ష్యమిచ్చాడు. యజమానులు ఇచ్చిన సమాచారాన్ని సరిచూడటానికి తాను ప్రత్యేకంగా ఏ ప్రయత్నమూ చేయలేదని అధ్యక్షుడు ఫ్రాంక్ వాల్ష్ ప్రశ్నలకు సమాధానంగా అంగీకరించాడు. ఐవీ అన్నది ఒక తీగ పేరు. ఆ పేరుతోనే అమెరికాలో ఒంటికి తగిలితే దద్దుర్లు లేపే విషపు తీగ కూడా ఉంది. రచయిత అప్టన్ సింక్లేర్ ఆ తీగ పేరునే లీకి తగిలించాడు. ఆ ముద్ర జీవితాంతం పోలేదు.

4.3 విశ్లేషణ:

రెండు సందర్భాల్లోనూ వ్యక్తి ఒక్కడే. రచనానైపుణ్యంలో మార్పు లేదు. మారినది సమాచారంతో ఆయనకున్న సంబంధం. 1906లో సంస్థకూ లోకానికీ మధ్య తలుపు తెరిచాడు. చెప్పినదాన్ని ఎవరైనా సరిచూసుకోవచ్చు. 1914లో ఒక పక్షం అందించిన లెక్కలకు చక్కని వాక్యరూపం ఇచ్చాడు. మొదటి సందర్భంలో పాఠకుని పక్షాన సంస్థను ప్రశ్నించాడు. రెండో సందర్భంలో సంస్థ పక్షాన పాఠకుని ఒప్పించబోయాడు. పాఠకుని చూపును తెచ్చే మనిషి దానిని విడిచిపెట్టిన క్షణంలో నియామకానికి ఉన్న ప్రయోజనం పోయింది. పైగా నైపుణ్యం ఎక్కువైనకొద్దీ నష్టం కూడా ఎక్కువైంది. నాసిగా రాసిన అబద్ధం కొద్దిమందికే చేరుతుంది. చక్కగా రాసినది దేశమంతా తిరుగుతుంది.

అదే ఏడాది రాక్‌ఫెల్లర్ పక్షం మరొక బయటి సలహాదారును కూడా తీసుకుంది. ఆయన కెనడా మాజీ కార్మికశాఖామంత్రి, తరవాతి కాలంలో ఆ దేశప్రధాని అయిన మెకంజీ కింగ్. కింగ్ కొలరాడో వెళ్లి కార్మికులనూ అధికారులనూ కలుసుకున్నాడు. 1915 సెప్టెంబరులో రాక్‌ఫెల్లర్ స్వయంగా గనులకు వెళ్లేలా చేశాడు. కార్మికప్రాతినిధ్య ప్రణాళిక రూపొందించాడు. అది స్వతంత్రసంఘానికి ప్రత్యామ్నాయంగా యజమాని నీడలో నడిచే సంఘాన్ని నిలబెట్టిందన్న విమర్శ బలమైనదే. యజమాని ఆధిపత్యంలోని ఇలాంటి సంఘాలను 1935నాటి వాగ్నర్ చట్టం నిషేధించింది. అయినా రచనాసలహా దృష్టితో చూస్తే ఒక పాఠం స్పష్టం. చెప్పే మాట మారాలంటే ముందు చేసే పని మారాలి. దానికోసం సలహాదారు విషయం పుట్టిన చోటికి వెళ్లి చూడాలి.

5. నియామకానికి కొన్ని ప్రమాణాలు:

పై చర్చ ఆధారంగా సంస్థ, సలహాదారు పాటించదగిన ప్రమాణాలను ఇలా సూత్రీకరించవచ్చు.

1. మూలసమాచారం అందుబాటు: లెక్కలు తీసిన పత్రాలను, పనిచేసే మనుషులను సలహాదారు నేరుగా సంప్రదించగలగాలి. సంగ్రహించి ఇచ్చిన సమాచారంతో మాత్రమే రాయవలసిన స్థితి 1914నాటి స్థితి.

2. నిరాకరించే అధికారం: నిర్ధారణ కాని వాక్యాన్ని ప్రచురించకుండా ఆపే హక్కు ఒప్పందంలోనే ఉండాలి.

3. బాధ్యత వహించే పేరు: రాసినది ఎవరైనా, అందులోని విషయానికి సంస్థలో ఒక అధికారి పేరుతో బాధ్యత వహించాలి. పాఠకుడు ప్రశ్నిస్తే సమాధానం రావాలి.

4. పాఠకుల ప్రశ్నలే విషయసూచిక: వినియోగదారులు ఫోనులోను, కౌంటరువద్దను నిత్యం అడిగే ప్రశ్నలు వ్యాసాలకు మొదటి ఆధారం కావాలి.

5. కాలపరిమితి: పాఠకుని చూపు మసకబారకముందే ఒప్పందాన్ని సమీక్షించాలి.

వీటిని అంగీకరించలేని సంస్థకు సలహాదారు అనవసరం. వ్యాసాల సంఖ్య పెంచుకోవడమే లక్ష్యమైనా, సంస్థలోనే స్పష్టంగా రాయగలిగి వినియోగదారులతో రోజూ మాట్లాడే ఉద్యోగి ఉన్నా, ఆ ఖర్చుకు సమర్థన లేదు.

6. తెలుగు పాఠకుడు - రుణసమాచారం:

ఈ చర్చకు తెలుగుతో ఉన్న సంబంధం అనువాదం దగ్గర మొదలవుతుంది. పెద్దసంస్థలు తెలుగులో ప్రచురించే సమాచారంలో అధికభాగం ఇంగ్లీషునుంచి వస్తుంది. జ్ఞానశాపానికి ఇక్కడ భాషాంతరం కూడా తోడవుతుంది. ఒక ఉదాహరణ పరిశీలించవచ్చు.

ఒక సంస్థ లక్షరూపాయల అప్పును ఏడాదికి 12 శాతం "ఫ్లాట్" వడ్డీతో ఇస్తోందనుకొందాం. వడ్డీ 12,000. అసలుతో కలిపి పన్నెండు వాయిదాల్లో నెలకు దాదాపు 9,333 రూపాయలు చెల్లించాలి. తెలుగునాట వడ్డీని నూటికి నెలకు ఇన్ని రూపాయలని లెక్కించడం వాడుక. ఏడాదికి 12 శాతం అనగానే పాఠకుడు "రూపాయి వడ్డీ" అనుకుంటాడు. కానీ అసలు నెలనెలా తీరిపోతున్నా వడ్డీ మాత్రం మొదటి లక్షమీదనే లెక్కపడుతోంది. చివరి నెలలో మిగిలిన అసలు దాదాపు 8,333 రూపాయలు, దానిమీద కట్టేది వెయ్యి రూపాయలు. తగ్గుతున్న బాకీమీద లెక్కిస్తే ఈ అప్పు వడ్డీ ఏడాదికి సుమారు 21.5 శాతం. పాఠకుని భాషలో చెప్పాలంటే అది దాదాపు రూపాయి ఎనభైపైసల వడ్డీ.

"12 శాతం ఫ్లాట్ వడ్డీ" అన్న వాక్యంలో అబద్ధం లేదు. దానిని తెలుగులోకి మార్చినవారు తప్పు చేయలేదు. అయినా పాఠకునికి చేరిన అర్థం వేరు. ఈ అంతరాన్ని గుర్తించడానికి వ్యాకరణజ్ఞానం చాలదు. పాఠకుడు ఏ లెక్కలో ఆలోచిస్తాడో తెలియాలి. తెలుగు రచనాసలహాదారు చేయవలసిన పని ఇదే.

ఈ విషయంలో చట్టపరమైన ప్రేరణ కూడా ఉంది. బ్యాంకింగేతర ఆర్థికసంస్థలు రుణగ్రహీతతో జరిపే ఉత్తరప్రత్యుత్తరాలు స్థానికభాషలో గాని, అతనికి అర్థమయ్యే భాషలో గాని ఉండాలని భారతీయ రిజర్వ్ బ్యాంకు న్యాయవర్తన నియమావళి చెబుతోంది. 2024 ఏప్రిల్ 15నాటి ఉత్తర్వు ప్రకారం వ్యక్తులకు, సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థలకు ఇచ్చే కాలపరిమితి రుణాలకు కీలకవాస్తవాల పత్రం తప్పనిసరి. వడ్డీతోపాటు ఇతర రుసుములను కలుపుకొన్న వార్షికరేటును అందులో చూపాలి. ఆ పత్రం రుణగ్రహీతకు అర్థమయ్యే భాషలో ఉండాలి. భాష తెలుగైతే చాలదు, అర్థం కావాలన్నది ఈ నిబంధనల ఆంతర్యం. అర్థమవుతోందో లేదో సంస్థలోపలివారు తేల్చలేరని 3.1లోని చర్చ సూచిస్తోంది.

తెలుగుశాఖల్లో శిక్షణపొందిన పరిశోధకులకు ఇది ఒక కార్యక్షేత్రం. పాఠం, సందర్భం, మాండలికభేదం, అర్థపరిణామం వారు అధ్యయనం చేసే అంశాలే. ఒక రుణపత్రాన్నో, ఔషధసూచననో, విత్తనాల సంచిమీది సమాచారాన్నో పాఠకుల ముందుంచి, చదివించి, ఏమి అర్థమైందో నమోదుచేసే క్షేత్రపరిశోధన తెలుగులో విస్తరించవలసి ఉంది.

7. ముగింపు:

- స్వీయప్రచురణ నిలిచేది పాఠకుని అవసరంమీద. జాన్ డీర్, మిష్లాన్ ప్రచురణలు ఇందుకు నిదర్శనం.
- సంస్థలు సలహాదారును నియమించుకోవడానికి వ్యయం, వ్యవధి, అంతర్గత అధికారక్రమం కారణాలే అయినా, తెలిసినవారికి తెలియనితనం కనిపించకపోవడం మూలకారణం.
- సలహాదారు విలువ అతని నైపుణ్యంకన్న సమాచారాన్ని ప్రశ్నించే అధికారంమీద ఆధారపడి ఉంటుంది. ఐవీ లీ 1906లో పొందిన గౌరవం, 1914 తరవాత పొందిన అపకీర్తి ఈ రెండు స్థితులకు ప్రతీకలు.
- తెలుగులో సంస్థలు ఇచ్చే సమాచారానికి కావలసినది అనువాదంమాత్రమే కాదు, పాఠకుని లెక్కలో ఆలోచించగల రచనాసలహా. రూపాయి వడ్డీ అనుకుని సంతకం చేసిన మనిషి రూపాయి ఎనభైపైసలు కట్టవలసి రావడం భాషాసమస్య మాత్రమే కాదు, న్యాయసమస్య కూడా. కాబట్టి తెలుగు పరిశోధకులు ఈ రంగాన్ని తమ అధ్యయనపరిధిలోకి తీసుకోవలసిన అవసరం ఉంది.